సీజియం చెదిరే కాలం

ఫిబ్రవరి 11

అత్తయ్యా, నమస్కారాలు.

మీ అబ్బాయి మోసుకొచ్చిన దుప్పటీ, మీరు సీసాలో పోసి పంపిన తలనూనే రెండూ అందాయి. నూనె సగం దుప్పటే తాగేసింది. దానికైనా జుట్టు రాలకుండా ఉంటుంది లెండి.

నేనుండే గది కింద దర్జీ కొట్టు. పొద్దున్నే కుట్టుమిషన్ల చప్పుడుకి లేస్తున్నాను. ఫోన్ చేద్దామంటే మీకు సగం వినబడదు. వినబడిన సగం మీద మనిద్దరం పోట్లాడుకుంటాం. అందుకే ఉత్తరం.

మీరు పెట్టిన లేబొరేటరీ మీరు వదిలిన చోటే ఉంది. వెనక కొత్త భవనం లేచింది గానీ మన గది గోడలకు సున్నం కూడా వెయ్యలేదు. మీ టేకు బల్ల మీదే ఇప్పుడు నా గాజు బుడ్డి కూర్చుంది.

మొన్న కమిటీవాళ్ళు వచ్చారు. "ఇందులో ఏం చేస్తారమ్మా?" అని ఒకాయన అడిగాడు.

"సీజియం అనే లోహాన్ని కాస్త వెచ్చబెడితే ఆవిరవుతుందండీ. అందులో ప్రతి పరమాణువూ బొంగరంలా తిరుగుతుంటుంది, ఒక్కోటీ ఒక్కో దిక్కుకి. ఒకే వైపు మెలితిరిగే లేజర్ కాంతి వేస్తే అన్నీ ఒకే దిక్కుకి మొగ్గుతాయి. కాంతి తీసేస్తే మళ్ళీ చెదిరిపోతాయి. ఎంతసేపట్లో చెదురుతాయో కొలుస్తాం" అన్నాను. కోణీయ ద్రవ్యవేగం అన్న మాట ఎత్తితే ఆయన పారిపోతాడని ఎత్తలేదు.

"చెదిరితే మనకేంటి నష్టం?"

"చాలా కచ్చితమైన గడియారాలు, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాలు వీటితోనే నడుస్తాయండీ. ఇవి చెదిరితే వాటి లెక్క చెదురుతుంది."

ఆయన తలూపి, గదికి కిటికీలెన్నో చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఈ గది వేరేవాళ్ళకి ఇవ్వాలా వద్దా అన్నది అక్టోబరులో తేలుస్తారట. నా ఉద్యోగం పొడిగింపు కూడా అప్పుడే.

మీరు కొలిచిన రోజుల్లో బుడ్డిని ఎంత వేడిలో ఉంచేవారు? ఊరికే అడుగుతున్నాను.

మీ కోడలు

&nbsp;

ఫిబ్రవరి 19

కోడలు పిల్లకి దీవెనలు.

"ఊరికే అడుగుతున్నాను" అని ఎవరైనా అన్నారంటే అది ఊరికే కాదని నాకు తెలుసు. మీ మామగారు బతికున్న రోజుల్లో "ఊరికే అడుగుతున్నా, నీ నీలం చీరంటే నీకు బాగా ఇష్టమా?" అన్నారంటే, అప్పటికే దాని మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయారన్నమాట.

వేడి సంగతి. ఒంటి వేడి కన్నా కొంచెం తక్కువ. అంతకు మించితే ఆవిరి చిక్కబడి, పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకుని అడ్డమైన లెక్కలూ వస్తాయి. నా రోజుల్లో లేజర్ కొత్త పెళ్ళికొడుకులా గంటకోసారి అలిగేది. దాన్ని బతిమాలుకుంటూ కొలిచాను.

పరమాణువులు గోడకి తగలకుండా బుడ్డిలో నింపిన ఆర్గాన్ వాయువు శుద్ధమైనదేనా చూసుకో. అన్నిటికన్నా ముందు అయస్కాంత క్షేత్రం చూసుకో. భూమిది ఒకటుంటుంది, నువ్వు కూర్చున్న కుర్చీలో ఇనుముది ఒకటుంటుంది, నీ జడలో పిన్నుది ఒకటుంటుంది. తీగచుట్టల్లో కరెంటు పెట్టి ఒకసారి సున్నా చేశాను కదా అని కాళ్ళు చాపుకోకు. రోజూ చూడు. కంటికి కనబడనిదే కొంప ముంచుతుంది.

ఇంతకీ చెదిరే కాలానికి నీ సంఖ్య ఎంత వచ్చింది? నాదాంతో కలిసిందా? మీ డైరెక్టరు నా దగ్గర పాఠాలు విన్నవాడే. మనిషి మంచివాడు, తొందరెక్కువ. వాడి తొందర నీకు అంటించుకోకు.

మీ ఆయన రాత్రి భోజనంలో నీ మాట ఎత్తి, మళ్ళీ దించి, నీళ్ళు తాగి లేచిపోయాడు. ఏమిటి సంగతి?

అత్తయ్య

&nbsp;

మార్చి 9

అత్తయ్యా,

ఉత్తరం అందింది. వేడి మీరు చెప్పినట్టే ఉంచుతున్నాను. క్షేత్రం చూసుకుంటున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. పేపరు రాసి జర్నల్‌కి పంపించాం. డైరెక్టరుగారు అక్టోబరులోపు అచ్చవ్వాలని గోల పెట్టారు.

సంఖ్య సంగతి తీరిగ్గా కలిసినప్పుడు చెబుతాను. ఉత్తరంలో రాస్తే సరిగ్గా రాదు.

ఆరోగ్యం జాగ్రత్త. కళ్ళ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళుతున్నారు?

మీ కోడలు

&nbsp;

ఏప్రిల్ 5

కోడలికి,

కళ్ళు బాగానే ఉన్నాయి. చదవగలుగుతున్నాను. చదవకూడదనుకున్నవి కూడా కనబడుతున్నాయి.

నీ నోట వినాల్సింది పరాయివాళ్ళ ద్వారా వినే రోజు వచ్చింది. అంతకన్నా ఇందులో రాయలేను, రాయకూడదు కూడా. నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు.

ఇక్కడ ఎండలు ముదిరాయి.

అత్తయ్య

&nbsp;

మే 21

అత్తయ్యగారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇక చింపను.

జర్నల్ నుంచి జవాబు వచ్చింది. పేపరు చదివి తీర్పు చెప్పిన రిఫరీ ఎవరో వాళ్ళు చెప్పరు, చెప్పకూడదు. ఆ మహానుభావులు రాసింది ఇదీ: "ఈ రచయితలు క్షేత్రాన్ని ఒకసారి సున్నా చేసి నిశ్చింతగా కూర్చున్నట్టుంది. ఈ రంగంలో పసిపిల్లలకు కూడా తెలిసిన జాగ్రత్త ఇది. ఇంత పేరున్న పాత ఫలితాన్ని కాదనే ముందు తమ గది సంగతి తాము చూసుకుంటే బాగుండేది."

"ఒకసారి సున్నా చేసి కాళ్ళు చాపుకోకు" అని ఫిబ్రవరిలో నాకు రాసిందెవరు?

మార్చి ఆఖర్లో మీకు ఏదో జర్నల్ నుంచి ఒక పేపరు వచ్చిందనీ, అది చూసిన దగ్గర్నుంచి మీరు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదనీ మీ అబ్బాయి నాకు చెప్పారు. ఆయనకి అందులో ఏముందో తెలియదు. నాకు తెలుసు.

అవును, నా సంఖ్య మీదానితో కలవలేదు. మీ లెక్కలో సీజియం చెదరడానికి పట్టే కాలం వంద అనుకుంటే, నా లెక్కలో యాభై. మీ ముఖం చూసి చెబుదామనుకున్నాను. ఉత్తరంలో రాయడానికి భయమేసింది. ఆ సంఖ్య పాఠ్యపుస్తకాల్లో ఉంది. అది మీదని పెళ్ళిచూపుల్లో మీ అబ్బాయి కన్నా ముందు నాకు తెలుసు.

చెప్పకపోవడం నా తప్పే. కానీ ముసుగేసుకుని కొట్టడం? కాకి పిల్ల కాకికి ముద్దే, కాదనను. దానికోసం నా ఉద్యోగం మీద, మీరు కట్టిన ఈ గది మీద దెబ్బ కొట్టాలా? డైరెక్టరుగారు నాతో మాట్లాడటం మానేశారు. నిన్న నా ముందే ఫోన్లో ఎవరికో "ఆ గది కొలతలు పంపించండి" అన్నారు.

ఇట్లు

&nbsp;

మే 28

నువ్వు "ఇట్లు" అని రాసి కింద ఏమీ రాయలేదు. నేనేమీ అనుకోను.

పేపరు నాకు వచ్చిన మాట నిజం. వాళ్ళకి మన బంధుత్వం తెలియదు. పేరు చూశాను, సారాంశం చూశాను. అంతే. ఈ అమ్మాయి మా ఇంటి కోడలు, పైగా ఈ పేపరు నా ఫలితాన్నే కాదంటోంది, కనుక నేను తీర్పు చెప్పడం న్యాయం కాదు అని రాసి ఆ పూటే వెనక్కి పంపేశాను. ఆ తర్వాత అది ఎవరి దగ్గరికి వెళ్ళిందో నాకు తెలియదు. ఇలాంటివి బయట చెప్పకూడదు కాబట్టి నీకు రాయలేదు. రాయలేకే ఏప్రిల్‌లో ఆ మాట రాశాను. అదీ రాయకుండా ఉండాల్సింది.

వాళ్ళకి నేను రాసిన జవాబు నా దగ్గర ఉంది. పంపమంటావేమో. పంపను. అది చూసి నమ్మితే నువ్వు కాగితాన్ని నమ్మినట్టు.

ఆ రెండు రోజులు నేను మాట్లాడనిది నా సంఖ్య పోతుందని కాదు. ఫిబ్రవరి నుంచీ నా సంఖ్యని తప్పంటూ, నాకే "అన్నీ బాగానే ఉన్నాయి" అని రాశావు చూడు, అందుకు. నువ్వు ఈ ఇంట అడుగుపెట్టినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో నీకు తెలియదు. ఇంట్లో సీజియం గురించి మాట్లాడుకోవడానికి ఒక మనిషి దొరికిందనుకున్నాను. మీ మామగారు మంచివారే, కానీ సీజియం అంటే ఆయనకి ఏదో మందు పేరు.

క్షేత్రం సున్నా చేయమని చెప్పడానికి నేనే అక్కర్లేదు. ఆ మాట ఈ పని చేసే ప్రతివాడూ చెబుతాడు. అది నా ఒక్కదాని గొంతులా నీకు వినబడిందంటే, నీ చెవిలో నేను ఎలా ఉన్నానో తెలిసింది.

ఇక ఈ విషయం నాకు రాయకు. దుప్పటి ఉతికి ఆరేసుకో, వానలొస్తున్నాయి.

&nbsp;

జూన్ 19

అత్తయ్యా,

రాయొద్దన్నారు. అయినా రాస్తున్నాను. కోపమొస్తే చదవకుండా పక్కన పడెయ్యండి, కానీ పారెయ్యకండి.

మన గది వెనక గోడకి ఆనుకుని కొత్త భవనానికి సామాన్ల లిఫ్టు పెట్టారు. మీ రోజుల్లో అది లేదు. రెండు వారాల కింద సోమవారం అది చెడిపోయింది. పై అంతస్తు నుంచి ఆర్గాన్ సిలిండరు మెట్ల మీదుగా దించుకోవాల్సి వచ్చి, లిఫ్టునీ, దాన్ని కనిపెట్టినవాణ్ణీ తిట్టుకుంటూ పని మొదలుపెట్టాను.

క్షేత్రాన్ని అటూ ఇటూ మారుస్తూ పోతే తెర మీద గుట్టలాంటి గీత వస్తుంది కదా. గుట్ట ఎంత వెడల్పైతే పరమాణువులు అంత తొందరగా చెదురుతున్నట్టు. ఆ రోజు గుట్ట సన్నబడింది. పరికరం పాడైందనుకున్నాను. తీగలన్నీ విప్పి మళ్ళీ కలిపాను. సన్నగానే ఉంది. అప్పుడు గోడవతల మెకానిక్ సుత్తి చప్పుడు వినబడింది. పొద్దుట్నుంచీ లిఫ్టు ఆగి ఉన్న సంగతి అప్పుడు తట్టింది.

పరుగెత్తుకెళ్ళి అడిగాను. "ఏమయ్యా, లిఫ్టు బాగైందా?"

"ఇదిగో అమ్మా, ఇప్పుడే తిప్పి చూడబోతున్నా."

"ఒక్కసారి పైదాకా పంపి అక్కడే ఆపుతావా?"

"పైన మీ సామానేమైనా ఉందా?"

"లేదు. నా కొంప ఉంది కింద."

అతను నన్నోసారి ఎగాదిగా చూసి, మీట నొక్కాడు. నేను మళ్ళీ పరుగెత్తి వచ్చేసరికి తెర మీద గుట్ట పక్కకి జరిగి ఉంది. లిఫ్టుతో పాటు గోడలో అంతంత ఇనుప దిమ్మెలు పైకీ కిందకీ తిరుగుతుంటాయి. అవి కదిలినప్పుడల్లా సున్నా కదిలేది. పగలంతా కొలిచి సగటు కట్టేదాన్ని కాబట్టి గుట్ట వెడల్పయ్యేది. మరి నేను క్షేత్రం చూసుకునేది ఎప్పుడు? ఆదివారాలు. ఎవరూ ఉండరు, ప్రశాంతంగా ఉంటుందని. ఆదివారం లిఫ్టు నడవదు.

మీరు రోజూ చూడమన్నారు. నేను వారానికోసారి చూసి, "చూసుకుంటున్నాను" అని రాశాను.

ఆ రిఫరీ ఎవరైనా కానీ, చెప్పింది నిజం. పేపరు వెనక్కి తీసుకుంటున్నామని నిన్న జర్నల్‌కి రాసేశాను. మీరు రాశారని నేననడం దానికన్నా పెద్ద తప్పు. మీ జవాబు కాపీ నాకు వద్దు. మిమ్మల్ని నమ్ముతున్నాను. మే నెలలో ఒక్క ముక్క "మీరా?" అని అడిగి ఉంటే సరిపోయేది. అడగడం చేతకాక తీర్పు చెప్పాను. అత్తా ఒకింటి కోడలే అంటారు. మీరు కోడలుగా ఉన్నప్పుడు ఇంత తెలివితక్కువగా ఉండి ఉండరు.

ఇంకో సంగతి ఉంది. ఇది దాచను. లిఫ్టు ఆపించి వారంపాటు కొలిచాను. యాభై కాస్తా డెబ్బై అయింది. అక్కడ ఆగిపోయింది. మీ వందకి చేరడం లేదు. ఏం చేసినా చేరడం లేదు.

డైరెక్టరుగారికి చెబితే ఎగిరి గంతేశారు. "డెబ్బైకి, వందకి పెద్ద తేడా ఏముంది? పొరపాటు అవకాశం కాస్త ఎక్కువ వేసుకుని, పాత ఫలితంతో సరిపోయిందని రాసెయ్. కమిటీవాళ్ళకి అదే కావాలి" అన్నారు. నేను ఇంకా ఏమీ అనలేదు.

మీరొకసారి వచ్చి చూస్తారా?

మీ కోడలు

&nbsp;

జూన్ 26

కోడలు పిల్లకి,

వస్తాను. వచ్చే శుక్రవారం పొద్దున బండికి. మీ ఆయన నన్ను ఎక్కించి వెనక్కి వెళ్ళిపోతాడు. ఇద్దరి మధ్యా మాటలు మోసీ మోసీ వాడి నడుం విరిగిందట.

నేను నా సంఖ్యకి కాపలా కాయడానికి వస్తున్నానని నీకు అనిపించవచ్చు. నాకూ అనిపిస్తోంది. వచ్చాక చూద్దాం.

నీ మీద కోపం పోయిందని రాయలేను. సగం పోయింది. మిగతా సగం నీ గదిలో ఆ దర్జీ మిషన్ల చప్పుడు వింటూ పోగొట్టుకుంటాను. నా చెవులకి అది కూడా వినబడదేమో, చూడాలి.

బుడ్డిని ముందురోజు నుంచే వెచ్చగా ఉంచు.

అత్తయ్య

&nbsp;

జులై 12

కోడలు పిల్లకి దీవెనలు.

క్షేమంగా చేరాను. బండిలో కిటికీ పక్క సీటు ఇచ్చిన అమ్మాయి దారిపొడుగునా నిద్రపోయి నా భుజం మీద జొల్లు కార్చింది. అందుకే మంచం ఎక్కకుండా నేరుగా స్నానానికి పోయాను.

అక్కడ నీతో అనలేనివి ఇప్పుడు రాస్తున్నాను.

నేను వచ్చిన పని నీకు తెలుసు. నా వందని వెతుక్కోవడానికి వచ్చాను. వేడి మార్పించాను, లేజర్ కాంతి తగ్గించమన్నాను, బుడ్డి మార్పించాను, తీగచుట్టలు మళ్ళీ చుట్టించాను. నువ్వు ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది, పోట్లాడుకుంటూ ఇంకో పూట గడిపేదాన్ని. ప్రతిసారీ అదే డెబ్బై. మరుసటి వారం శనివారం మధ్యాహ్నానికి ఇంకేం మార్చమనాలో నాకు తోచలేదు. కుర్చీలో కూర్చుండిపోయాను. నువ్వు మంచినీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళావు. కుండ గదిలోనే ఉందని నేను చెప్పలేదు. నీకూ తెలుసు.

అప్పుడే మీ డైరెక్టరు వచ్చాడు. పాదాలకి దండం పెట్టి పక్కన కూర్చున్నాడు. "మేడం, మీరు ఒక్క మాట చెబితే ఆ అమ్మాయి వింటుంది. రెండూ సరిపోయాయని రాద్దాం. మీ పేరు నిలబడుతుంది, ఆమె పేపరు నిలబడుతుంది, ఈ గది నిలబడుతుంది" అన్నాడు.

నేను వెంటనే కాదనలేదు. అది నీకు తెలియాలి. ఒక నిమిషంపాటు ఎంత బాగుందో ఆ మాట. ఆ గదికోసం ఎంతమంది గుమ్మాలు ఎక్కి దిగానో గుర్తొచ్చింది. ఆ వంద అచ్చయిన రోజున మీ మామగారు పుస్తకం తలకిందులుగా పట్టుకుని మురిసిపోయారు, అదీ గుర్తొచ్చింది. ఎవరికీ నష్టం లేదు కదా అనిపించింది. ఆ పైన తెర మీద నీ గీత చూశాను. ఎంత శుభ్రంగా ఉందో. నా జన్మలో అంత శుభ్రమైన గీత నేను తీయలేదు.

"అన్నీ నిలబడతాయి నాయనా, సీజియం తప్ప" అన్నాను.

వాడు తల వంచుకుని, "మరి గది పోతే నన్ను అనొద్దు" అన్నాడు. నిష్టూరంగా కాదు, నిజంగానే బాధపడుతూ. పాపం వాడూ ఏం చేస్తాడు.

నువ్వు బండి దగ్గర నా చేతిలో పెట్టిన కొత్త పేపరు చిత్తుప్రతి చదివాను. "ఆనాటి పరికరాల పరిమితుల దృష్ట్యా పాత ఫలితం గౌరవించదగినదే అయినా" అని ఒక వాక్యం మొదలుపెట్టి, దాన్ని సందులూ గొందులూ తిప్పి ఎక్కడో దించావు. ఆ వాక్యం తీసెయ్. నాకు దండ వెయ్యడానికి అది సన్మాన సభ కాదు. పాత ఫలితం వంద, మాది డెబ్బై, రెండూ కలవడం లేదు, కారణం తెలియదు. ఇంతే రాయి. నా పేరు నీ పేరు పక్కన పెడతానన్నావు. వద్దు. కొలిచింది నువ్వు.

రాత్రి మీ ఆయన "బాధగా ఉందా అమ్మా?" అని అడిగాడు. "ఉందిరా" అన్నాను. వాడు నా చెప్పులు తుడిచి పెట్టాడు.

కోపం మిగతా సగం ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. వెతికితే దొరకలేదు.

అత్తయ్య

&nbsp;

అక్టోబరు 17

అత్తయ్యా, నమస్కారాలు.

ముందు చేదు. గదిలో కిటికీలున్న సగం మనది కాదు. మధ్యలో గోడ కడుతున్నారు. ఇటుకల దుమ్ము పడకుండా పరికరాలన్నిటికీ దుప్పట్లు కప్పాను. మీరు పంపిందే లేజర్‌కి కప్పాను. మీరొచ్చి చూస్తే తిడతారు.

పేపరు అచ్చయింది. కమిటీ ఎదుట కిటికీలు లెక్కపెట్టిన ఆ పెద్దమనిషే లేచి అడిగాడు. "ఏమ్మా, ఈ గదికి పేరు తెచ్చిన ఫలితాన్నే మీరు తప్పంటున్నారు. మరి ఈ గది దేనికి?"

డైరెక్టరుగారు సాయం చేస్తారేమోనని అటు చూశాను. ఆయన కాగితాలు సర్దుకుంటున్నారు. "తప్పో ఒప్పో తేల్చుకోవడానికేనండీ. ఆ ఫలితం తెచ్చినావిడే వచ్చి, ఇది తప్పని తేల్చడంలో నాకు సాయం చేశారు" అన్నాను. తర్వాత డైరెక్టరుగారే తలెత్తి, "ఆవిడ మా గురువుగారు" అన్నారు. ఆ ఒక్క మాటే అన్నారు. దానికే సగం గది మిగిలిందని నా నమ్మకం. నా ఉద్యోగం ఒక ఏడాది పొడిగించారు. ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు.

మీరు చెప్పిన వాక్యం మీరు చెప్పినట్టే అచ్చయింది. ప్రూఫులు చూస్తున్నప్పుడు దాన్ని మెత్తబరచాలని నాలుగుసార్లు కలం పెట్టాను. ఒక్క అక్షరం మార్చలేదు.

పేపరుతో పాటు, బుడ్డిలో ఆర్గాన్ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మొన్న తీసిన కొలతల గీతలు కూడా పంపుతున్నాను.

మీ కోడలు

&nbsp;

అక్టోబరు 25

కోడలు పిల్లకి,

చదివాను. నా పేరు, దాని పక్కన "కలవడం లేదు" అన్న మాట. బాగుంది. సూటిగా ఉంది.

సగం గది పోయినందుకు రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు సహించింది. నేను మొదలుపెట్టినప్పుడు నాకిచ్చింది అంతకన్నా చిన్న గది, దానికి తలుపు కూడా లేదు. పరదా కట్టుకుని కొలిచాను. సగం గదిలో ఎలా సర్దుకోవాలో ఒక బొమ్మ గీసి పంపుతున్నాను. నచ్చకపోతే పారెయ్.

నువ్వు పంపిన గీతలు మూడు రోజులుగా నా మంచం మీదే పరిచి ఉన్నాయి. పని మనిషి దుప్పటి దులపడానికి వస్తే ఆవిడ మీద అరిచాను. ఆర్గాన్ తగ్గించినకొద్దీ చెదరడం కొంత దూరం నెమ్మదించి, ఆ తర్వాత ఉన్నట్టుండి మళ్ళీ వేగం అందుకుంటోంది. గోడకి తగిలి చెదురుతున్నాయందామంటే అంత తొందరగా గోడని చేరలేవు. వేడి కాదు. క్షేత్రం కాదని మనిద్దరం కళ్ళారా చూశాం. మరి ఏమిటది?

ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు. నువ్వేమనుకుంటున్నావో చెప్పు.

అత్తయ్య